ఏజెంట్ టూల్ వివరణ: ఒక్క ముక్కలోనా, విడమర్చా? ఏది మేలు?

పర్లాకిమిడిలో మా వీధిలో "నానీ" అని కేకేస్తే ఇద్దరు పలుకుతారు. తెలుగిళ్లలో అది పిల్లాడి ముద్దుపేరు, ఒడియా ఇళ్లలో అక్కని పిలిచే మాట. ఏ గుమ్మంలోంచి పిలిచారో చూసి ఎవరిని పిలిచారో మాకు తెలిసిపోతుంది. కోడ్ రిపోజిటరీలో (ప్రోగ్రాం ఫైళ్లన్నీ ఉండే చోటు, పొట్టిగా రిపో) పనిచేసే ఏఐ ఏజెంట్‌కు, అంటే చెప్పిన పనిని తనే చేసుకుపోయే ఏఐకి, ఆ గుమ్మం కనిపించదు. టూల్ (వెతకడం, దిద్దడం లాంటి ఒక్కో పనికి మనం దానికిచ్చే పనిముట్టు) పేరు, దాని కింద మనం రాసిన వివరణ, ఇవ్వాల్సిన ఇన్‌పుట్‌లు ఏమిటన్నది, మామూలుగా దాని ముందుండేవి ఇవే. ఏ పనికి ఏ టూల్ పట్టుకోవాలో వీటిని చదివే తేల్చుకుంటుంది.

రైసు మిల్లుల బిల్లింగ్ ప్రోగ్రాం ఒకటి నేనూ, తమ్ముడి వరసయ్యే కుర్రాడూ కలిసి చూసుకుంటున్నాం. మొదట్లో వివరణలన్నీ ఒక్క ముక్కలోనే రాశాం. కోడ్ వెతికే టూల్ కింద ఉన్నది ఇంతే: "రిపోలో వెతుకుతుంది." చూడ్డానికి బాగానే ఉంది, రాయడానికి క్షణం పట్టదు.

ఒకరోజు రేటు లెక్కగట్టే ఫంక్షన్‌ని మార్చమని ఏజెంట్‌కి చెప్పాం. అది వెతికింది, దొరికినవన్నీ మార్చింది, పని అయిపోయిందంది. సాయంత్రానికి కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, అన్నిచోట్లా మార్చానంటోంది కదా, మరి రసీదులో పాత రేటే పడుతోందేంటి?" అసలు సంగతేంటంటే మా టూల్ ఒకసారికి 50 ఫలితాలే ఇస్తుంది. ఆ పరిమితి కోడ్‌లో పెట్టింది మేమే, మర్చిపోయిందీ మేమే. ఏజెంట్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. 50 చూసి అంతేననుకుంది. దాన్నెలా తప్పుపడతాం?

ఆ రాత్రే తిరగరాశాం: "రిపోలోని ఫైళ్ల లోపల ఒక మాటను వెతుకుతుంది. ఫైలు పేరు కోసమైతే దీన్ని వాడొద్దు, దానికి వేరే టూల్ ఉంది. ఒకసారికి 50 ఫలితాలే వస్తాయి, ఇంకా ఉంటే చివర్లో చెబుతుంది, అప్పుడు తర్వాతి పేజీ అడగాలి. ఏమీ దొరకకపోతే ఖాళీ జాబితా వస్తుంది, అది ఎర్రర్ కాదు. పాత కమిట్లలో (అంటే ఇదివరకు భద్రపరిచిన మార్పుల్లో) వెతకదు." ఐదు వాక్యాలు. చివర్లో చెప్పే ఏర్పాటు కూడా అప్పుడే కోడ్‌లో పెట్టాం. ఇందులో నాకు బాగా విలువైనవిగా తోచేవి "వాడొద్దు", "వెతకదు" అనే రెండు మాటలు. ఏం చేస్తుందో పేరు చూసి కొంత ఊహించవచ్చు. ఏం చేయదో ఎవరూ ఊహించలేరు.

అలాగని ఎంత పొడుగైతే అంత మంచిదని కాదు. వివరణలు మామూలుగా ప్రతి రిక్వెస్ట్‌తోనూ మోడల్‌కి (ఏజెంట్ వెనకున్న ఏఐకి) వెళ్తాయి, టోకెన్లు (మోడల్ చదివే మాటల ముక్కలు) తింటాయి. 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏఐకి బయటి టూల్స్ కలిపే ఉమ్మడి పద్ధతి) వచ్చాక బయటి సర్వర్ల టూల్స్ తగిలించడం తేలికైంది. తగిలించిన కొద్దీ ఒకదానికొకటి దగ్గరి పోలికలున్న టూల్స్ గుంపు తయారవుతుంది. టూల్ ఏ లైబ్రరీతో కట్టారు, ఎప్పుడు మార్చారు లాంటివి వివరణలో ఎందుకు? తీసేయండి.

మూడో దారి ఒకటుంది, నా ఓటు ముందు దానికే: వివరించాల్సిన అవసరమే రాకుండా టూల్‌నే సరిచేయడం. 2024 డిసెంబరులో క్లాడ్ అనే ఏఐని తయారుచేసే ఆంత్రోపిక్ కంపెనీ ఇంజినీర్లు ఒక సంగతి రాశారు. వాళ్ల కోడింగ్ ఏజెంట్ రూట్ ఫోల్డర్ (ప్రాజెక్టు మొదలయ్యే ఫోల్డర్) దాటి వెళ్లాక రిలేటివ్ పాత్‌లు (ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెట్టే ఫైలు చిరునామాలు) ఇవ్వడంలో తప్పులు చేసేదట. ఎప్పుడూ పూర్తి పాత్ ఇవ్వాల్సిందేనని టూల్‌ని మార్చాక ఆ తప్పులు పోయాయి. అదే పని వివరణలో "జాగ్రత్త" అని రాసి చేయబోతే కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు చేయదు.

కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఫోర్స్ పుష్ (సర్వర్‌లో ఉన్న చరిత్రను చెరిపి మనది పెట్టేయడం) కూడా అంతే. దానికి ఎంత గట్టిగా హెచ్చరిక రాసినా నాకు టెన్షన్ తగ్గలేదు. పైన చెప్పిన ప్రోటోకాల్‌లో "ఇది చదవడానికే", "ఇది చెరిపేయగలదు" అని గుర్తులు పెట్టుకునే వీలుంది గానీ అవి సూచనలే, అడ్డుకోవు. మేం ఆ ఆప్షన్ టూల్‌లోంచే ఎత్తేశాం. కావాల్సినప్పుడు మనిషే చేస్తాడు.

కాబట్టి మా వరస ఇది: ముందు టూల్‌ని సరిచేయడం, మిగిలినదానికి మూడు నుంచి ఐదు వాక్యాలు. ఒక్క ముక్క వివరణ ఒక్కచోటే సరిపోతుంది, టూల్ చేసేది ఒకే పనై, దాన్ని పోలినది ఇంకోటి లేనప్పుడు.

రాసింది సరిపోయిందో లేదో కుర్రాడి మీదే చూస్తాను. కోడ్ చూపించకుండా వివరణలు మాత్రం పంపి, "ఈ పనికి ఏది పట్టుకుంటావు?" అని అడుగుతాను. నిన్న రేటు దిద్దే టూల్, మిల్లు చిరునామా దిద్దే టూల్ దగ్గర వాడు తటపటాయించాడు. రెండింటి పేర్లూ "అప్‌డేట్"తోనే మొదలవుతున్నాయి. ఈ పూట వాటి పేర్లు మారుస్తున్నాం.