హాంప్టన్ కోర్ట్ మేజ్ రివ్యూ: మేజ్‌లు గీసే అలవాటున్నవాళ్ళు ముందు చూడాల్సింది ఇదే

లండన్‌లో ఉన్న మనవాళ్ళని హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్ తోటలో మొక్కల కంచెల మధ్య దారి వెతుక్కుంటూ తిరిగే మేజ్ గురించి అడగండి, పదిమందిలో ఎనిమిదిమంది "చిన్నదండీ, కాసేపట్లో అయిపోతుంది, దానికోసమే అయితే వెళ్ళొద్దు" అంటారు. చిన్నదన్న మాట నిజమే. ఎకరంలో మూడో వంతు, అంటే మన లెక్కలో 33 సెంట్ల స్థలం, లోపలి దారులన్నీ కలిపితే అరమైలు. కానీ వెళ్ళొద్దన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. గళ్ళ పుస్తకంలో మేజ్‌లు గీసుకునే అలవాటున్నవాళ్ళకీ, పిల్లలకి ఆ సరదా నేర్పాలనుకునేవాళ్ళకీ ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ముందు చూపించాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను.

ముందు ఎలా వెళ్ళాలో. వాటర్లూ నుంచి నేరుగా రైలుంది, అరగంట పైచిలుకు ప్రయాణం, స్టేషన్‌లో దిగి థేమ్స్ మీద వంతెన దాటితే ప్యాలెస్ వచ్చేస్తుంది. మేజ్ ప్యాలెస్‌కి ఉత్తరం వైపు, లయన్ గేట్ దగ్గర తోటలో ఉంటుంది. ప్యాలెస్ టికెట్‌లోనే మేజ్ కూడా కలిసుంటుంది. మూడో విలియం రాజు కాలంలో, 1700 ప్రాంతంలో, జార్జ్ లండన్, హెన్రీ వైజ్ అనే ఇద్దరు తోటల నిపుణులు దీన్ని నాటించారు. బ్రిటన్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న మొక్కల కంచె మేజ్‌లలో ఇంతకంటే పాతది లేదు. మొదట్లో హార్న్‌బీమ్ మొక్కలుండేవి, తర్వాత యూ మొక్కలు వేశారు. కేపబిలిటీ బ్రౌన్ అని పాతకాలం తోటలన్నీ తీసేసి పచ్చికబయళ్ళుగా మార్చేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన 1764లో ఇక్కడ ప్రధాన తోటమాలిగా చేరి ఈ మేజ్ పక్కనే ఉన్న ఇంట్లో కాపురం ఉన్నాడు, దీన్ని మాత్రం ముట్టుకోవద్దని అప్పటి రాజుగారు ముందే గట్టిగా చెప్పారట. అలా మిగిలింది మనకి.

ఇక అసలు విషయం. లోపలికి వెళ్ళాక గమనించండి, ఇందులో మలుపులు ఎక్కువ, చీలికలు తక్కువ. కాగితం మీద మేజ్ గీయడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ అడుగడుగునా ఓ చీలిక పెట్టేస్తారు, ఎన్ని చీలికలుంటే అంత కష్టం అనుకుంటారు కాబట్టి. ఈ మేజ్ గీసినవాళ్ళకి ఆ అవసరం పడలేదు. బయటి ఆకారం ట్రెపీజియం, లోపలి దారులు ఆ అంచుల్ని అనుసరిస్తూ వంగుతూ పోతాయి, కాబట్టి ముందు ఏముందో దగ్గరికి వెళ్ళేదాకా కనపడదు. చీలిక దగ్గర ఎంచుకున్న దారి తప్పో ఒప్పో తెలియాలంటే చాలాసేపు నడవాలి, ఈలోపు మలుపులు తిరిగి తిరిగి తూర్పేదో పడమరేదో మర్చిపోతాం, దారి మూసుకుపోయి వెనక్కొచ్చాక ఇది ఇందాక చూసిన చీలికేనా వేరేదా అన్న అనుమానం మొదలవుతుంది. కష్టమంతా ఆ అనుమానంలోనే ఉంది. 33 సెంట్లలో మామూలు మనిషిని ఇరవై నిమిషాలు తిప్పుతుందని చెప్తారు, చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ నడిస్తే తెలుస్తుంది.

గేటు దగ్గరికి రాగానే మనవాళ్ళు ఎవరో ఒకరు అభిమన్యుడి మాట ఎత్తుతారు. ఎత్తాల్సిందే కూడా, ఎందుకంటే ఇక్కడ అది నిజంగా పనికొచ్చే పోలిక. అభిమన్యుడికి లోపలికి వెళ్ళడం వచ్చు, బయటికి రావడం రాదు. ఈ మేజ్‌లో రెండింటికీ ఒకటే ఉపాయం. గేటు దగ్గర ఒక చెయ్యి కంచెకి ఆనించి, ఎక్కడా తీయకుండా నడుస్తూ పోవాలి. మూసుకుపోయిన దారుల్లోకి కూడా వెళ్ళొస్తాం, ఆలస్యమవుతుంది, కానీ మధ్యకి చేరతాం, అదే చెయ్యి అలాగే ఉంచి నడిస్తే గేటు దగ్గరికి వచ్చేస్తాం. కారణం చాలా తేలిక. మధ్యభాగాన్ని చుట్టిన కంచె ఎక్కడా తెగకుండా బయటి కంచెతో కలిసి ఉంది, కాబట్టి మన చెయ్యి ఆ ఒక్క కంచెనే తడుముకుంటూ పోతుంది. పిల్లలకి ఇది చెప్పకండి, ముందు వాళ్ళని తిరగనివ్వండి. రెండోసారి వెళ్ళేటప్పుడు చెప్తే ఆ ఆశ్చర్యం చూడాలి.

ఈ ఉపాయం తెలిసిన గణితం మనిషి ఊరుకుంటాడా? కెంట్‌లో చెవెనింగ్ అనే ఎస్టేట్ ఉంది. ఆ కుటుంబంలో రెండో ఎర్ల్ స్టాన్‌హోప్ గణితంలో దిట్ట, ఆయన గీసిన మేజ్‌ని 1820లలో అక్కడ నాటారు. అందులో మధ్యభాగం చుట్టూ ఉన్న కంచె బయటి కంచెతో కలవదు, చుట్టూ నీళ్ళున్న లంకలాగా విడిగా ఉంటుంది. కంచె పట్టుకుని నడిస్తే మధ్యకి చేరకుండానే మళ్ళీ గేటు దగ్గర తేలతాం. కాగితం మీద ఇది చేసి చూడండి. మీ మేజ్‌లో గమ్యం చుట్టూ ఉన్న గోడని మిగతా గోడలనుంచి పూర్తిగా విడదీసి, దాని చుట్టూ తిరిగొచ్చే దారి ఇస్తే చాలు, గోడ పట్టుకుని నడిచేవాళ్ళు ఓడిపోతారు. అప్పుడు పనికొచ్చేది ట్రెమో అనే ఆయన పేరుమీద ఉన్న పద్ధతి. నడిచిన ప్రతి దారికీ గుర్తు పెట్టుకుంటూ వెళ్ళి, పాత చీలికకి కొత్త దారిలో వస్తే వెనక్కి తిరిగి, రెండు గుర్తులు పడిన దారిలో మళ్ళీ కాలు పెట్టకుండా పోవడమే ఆ పద్ధతి. తోటలో గుర్తులు పెట్టనివ్వరు గానీ పెన్సిల్‌తో కాగితం మీద హాయిగా ఆడుకోవచ్చు.

ఇంకో విషయం కూడా ఈ మేజ్ మీద నా గౌరవం పెంచింది. ప్రయోగశాలలో ఎలుకల్ని మేజ్‌లో తిప్పే పద్ధతి గురించి మనమందరం స్కూల్లో ఎక్కడో ఒకచోట చదివాం కదా. అమెరికాలో క్లార్క్ యూనివర్సిటీలో విల్లర్డ్ స్మాల్ అనే ఆయన ఆ ప్రయోగాలు చేసి 1901లో ప్రచురించాడు, ఆయన ఎలుకల కోసం చేయించిన మేజ్ ఇదే నమూనా. వంకర మూలల్ని సరిచేసి 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవులో కట్టించాడు. రాజుగారి సరదా కోసం నాటిన మొక్కల గీత రెండొందల ఏళ్ళ తర్వాత మనస్తత్వశాస్త్రంలోకి వెళ్ళిందంటే ఆ గీతలో విషయం ఉన్నట్టే.

గీయడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడినుంచి ఇంటికొచ్చాక చెయ్యి ఊరుకోదు. కావలసినవి ఒక గళ్ళ పుస్తకం, హెచ్‌బీ పెన్సిలు, మంచి రబ్బరు, చివర్లో గోడల మీద దిద్దడానికి నల్ల జెల్ పెన్ను, అంతే. ముందు అసలు దారిని లేతగా గీయాలి, మొత్తం కాగితం మీద తిరిగేలా, గమ్యానికి బాగా దగ్గరగా వచ్చి మళ్ళీ దూరంగా వెళ్ళిపోయేలా. తర్వాత దానికి తప్పుదారులు అతికించాలి, అవి పొడుగ్గా ఉండాలి, రెండు గళ్ళలో మూసుకుపోయే తప్పుదారి ఎవరినీ మోసం చేయదు, కంటితోనే కొట్టేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, చివరి నుంచి వెనక్కి రావడం కూడా కష్టంగా ఉండాలి, ఎందుకంటే మేజ్ పట్టుకున్న ప్రతి పిల్లాడూ చేసే మొదటి పని గమ్యం నుంచి వెనక్కి గీయడమే. అందుకే తప్పుదారుల్లో కొన్ని గమ్యం వైపు నుంచి కూడా చీలాలి. అయ్యాక వేరేవాళ్ళకి ఇచ్చి పక్కన కూర్చుని చూడండి, వాళ్ళ పెన్సిల్ ఎక్కడ ఆగుతుందో అక్కడ మీ గీత పనిచేసినట్టు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆన్‌లైన్‌లో కొన్న ఒక మేజ్‌ల పుస్తకం (పేరు వద్దులెండి) నన్ను చాలా బాధపెట్టింది. అట్ట మీద బొమ్మ బ్రహ్మాండం, లోపల చూస్తే పేజీ పేజీకీ కంప్యూటర్ ఉమ్మేసిన ఒకే రకం గళ్ళు, పొట్టి పొట్టి తప్పుదారులు, అందులో కొన్నిటికైతే దారే లేదు. మా పాప ఒకదాని దగ్గర చాలాసేపు కష్టపడి తనకి రాదనుకుని పుస్తకం మూసేసింది. మేజ్ గీసినవాళ్ళు కనీసం ఒకసారైనా దాన్ని చేసి చూడాలి కదండీ, పిల్లల చేతికిచ్చేటప్పుడు అంత మాత్రం బాధ్యత ఉండాలి.

హాంప్టన్ కోర్ట్‌తో పోలిస్తే మిగతావి ఎలా ఉంటాయంటే, విల్ట్‌షైర్‌లో లాంగ్‌లీట్ మేజ్ చాలా పెద్దది, 1975లో గ్రెగ్ బ్రైట్ గీసింది, 16,000 పైగా యూ మొక్కలు, 1.69 మైళ్ళ దారి, పైనుంచి దాటడానికి చెక్క వంతెనలు కూడా ఉన్నాయి. గొప్పదే, కాదనను. కానీ అది ఎక్కువసేపు పట్టే పని, చిన్నపిల్లలతో అయితే మధ్యలోనే ఓపిక అయిపోతుంది, పైగా గీసేవాళ్ళు దాన్ని తలలో పట్టుకుని ఇంటికి రాలేరు. హాంప్టన్ కోర్ట్‌ని పట్టుకోవచ్చు, బయటికొచ్చాక బెంచీ మీద కూర్చుని జ్ఞాపకం ఉన్నంత గీసి, మళ్ళీ లోపలికి వెళ్ళి సరిచూసుకోవచ్చు. కెంట్‌లోని లీడ్స్ కాసిల్ మేజ్ 1988 నాటిది, మధ్యకి చేరాక నేల కింద గుహలోంచి బయటికి వచ్చే దారి పెట్టారు, పిల్లలకి అది బాగా నచ్చుతుంది.

చీలికలే లేని రకం కూడా ఉంది, ఒకటే దారి, చుట్టలు చుట్టలుగా తిరిగి మధ్యకి చేరుస్తుంది. తప్పిపోవడం ఉండదు. పజిల్ ఇష్టమున్నవాళ్ళు మొదట్లో దీన్ని తేలిగ్గా తీసేస్తారు, కానీ నాకు ఈమధ్య ఇదే ఎక్కువ ఇష్టమైంది. ఎసెక్స్‌లో శాఫ్రన్ వాల్డెన్ ఊరి మైదానంలో గడ్డిలో తవ్విన పాతకాలం చుట్ట ఉంది, 1699 నాటి ఖర్చుల లెక్కల్లోనే దాని ప్రస్తావన ఉంది, 17 చుట్లు, నడిస్తే దగ్గరదగ్గర మైలు. టికెట్టు లేదు, గేటు లేదు. ఇలాంటి చుట్టలే మన దేశంలోనూ ఉన్నాయి. కర్ణాటకలో హళేబీడు హొయసళేశ్వర ఆలయం గోడ మీద భారతయుద్ధం శిల్పాల్లో పద్మవ్యూహాన్ని ఇలాగే చుట్టల దారిగా చెక్కారు. ఆ దారి చూడటానికైనా ఒకసారి వెళ్ళాలి.

ఏడు చుట్ల పాత రకం గీయడానికి ఒక పద్ధతి ఉంది. మధ్యలో ప్లస్ గుర్తు, నాలుగు గదుల్లో మూల ప్లస్ మధ్యకి తిరిగి ఉండేలా నాలుగు ఎల్ ఆకారాలు, నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు. ప్లస్ పై కొసని పక్కనున్న ఎల్ పై కొసతో వంపుగా కలపాలి, తర్వాత ఎడమవైపు మిగిలిన మొదటి కొసని కుడివైపు మిగిలిన మొదటి కొసతో పైనుంచి చుట్టి కలపాలి, అలా చివరిదాకా. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇది గీసి చూపిస్తే, "ఇంతేనా, ఇటివ్వరా" అని పెన్సిల్ తీసుకుని నాకంటే గుండ్రంగా గీసేసింది. సంక్రాంతికి వాకిట్లో చుక్కలు పెట్టి మెలికల ముగ్గులేసిన చేతికి ఇది కొత్త కాదు. మీ అమ్మగారో అత్తగారో విజిట్ వీసా మీద వచ్చి రోజంతా ఇంట్లో తోచక కూర్చుంటే ఒక పుస్తకం, పెన్సిల్ చేతికివ్వండి.

లండన్‌లోనే ఉండేవాళ్ళకి పైసా ఖర్చులేని పని ఇంకొకటి. ట్యూబ్‌కి, అంటే లండన్ భూగర్భ రైలుకి, 150 ఏళ్ళు నిండిన సందర్భంగా 2013లో మార్క్ వాలింజర్ అనే కళాకారుడు అప్పుడున్న 270 స్టేషన్లకీ ఒక్కో గుండ్రటి చుట్ట గీశాడు, ఏ రెండూ ఒకేలా ఉండవు. తెల్ల పలక మీద నల్ల గీతలు, లోపలికి వెళ్ళే చోట ఎర్రని ఇంటూ గుర్తు. వేలు పెట్టి దారి వెంట పోవచ్చు. రోజూ వెళ్ళే స్టేషన్‌లో అది ఎక్కడుందో చాలామందికి తెలియదు, పిల్లలకి వెతికే పని పెడితే ఆఫీసుకి పోయే దారి కూడా సరదాగా ఉంటుంది.

మళ్ళీ హాంప్టన్ కోర్ట్ దగ్గరికి వస్తే, స్కూలు సెలవుల్లో మధ్యాహ్నం వెళ్తే లోపల జనం ఎక్కువ, ముందువాళ్ళ వెనకాలే నడిచేస్తాం, ఇక మేజ్ ఎక్కడిది? గేట్లు తీసిన వెంటనే నేరుగా మేజ్‌కే వెళ్ళిపోండి, ఎనిమిదో హెన్రీ వంటశాలలు, ఖగోళ గడియారం ఎక్కడికీ పోవు, తర్వాత చూడొచ్చు. అది అయ్యాక బ్రౌన్ 1768లో నాటిన ద్రాక్షతీగ ఉంది, ఇప్పటికీ కాస్తుంది, దాన్ని కూడా చూడండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి లోపలికి వెళ్ళే పని మాత్రం పెట్టుకోకండి. పజిల్ పడని పెద్దవాళ్ళు తోటలో కూర్చోవచ్చు. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, ఆ అర పాయింటు జనం వల్ల తగ్గించాను, పొద్దున్నే వెళ్ళేవాళ్ళు అది కూడా కలిపేసుకోవచ్చు.