గొల్లపూడి దగ్గర ఎటు తిరగాలి?

హైదరాబాద్ నుంచి ఏలూరు పెళ్లికి కారులో వెళ్లాం. అమ్మకు దుర్గమ్మ దర్శనం కావాలి కాబట్టి పోయేటప్పుడు బెజవాడలో బస, వచ్చేటప్పుడు ఊరు తగలకుండా కొత్త పశ్చిమ బైపాస్. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు బెజవాడ ముందు గొల్లపూడి దగ్గరే ఊళ్లోకి వెళ్లే దారి, ఈ బైపాస్ విడిపోతాయి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర, పొట్టిపాడు, కలపర్రు అని టోల్ గేట్లే గేట్లు. తరచూ తిరిగేవాళ్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ మంచిది. 2025 ఆగస్టు 15న అది మొదలైనప్పుడు 3,000 రూపాయలు, ఏడాదికి 200 ట్రిప్పులు.

ఊళ్లోంచి వెళ్తే భవానీపురం దాకా బాగానే ఉంటుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ 2020లో తెరిచాక గుడి కింద గంటలు గంటలు ఇరుక్కునే బాధ తప్పింది. బెంజ్ సర్కిల్ కూడా పైనుంచే దాటేస్తాం. అసలు నరకం రామవరప్పాడు రింగ్ దగ్గర మొదలై, ఎనికేపాడు, నిడమానూరు దాకా వదలదు. బైపాస్ వచ్చాక లారీలు తగ్గినట్టు కళ్లకు తెలుస్తోంది కానీ ఆ జాగాని ఆటోలు, కాలేజీ బస్సులు, కార్లు అప్పుడే ఆక్రమించేశాయి. ఊళ్లో పని ఉన్నవాడు బైపాస్ ఎందుకెక్కుతాడు?

బస గాంధీనగర్‌లో. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, బాబాయ్ హోటల్‌ ఇడ్లీకి నడిచి వెళ్లొచ్చు. పార్కింగ్ మాత్రం అడగకండి. తెల్లారి దర్శనానికి బయల్దేరదామంటే మా కారుకు అడ్డంగా ఇంకో రెండు కార్లు. వాచ్‌మన్ చేతిలో తాళాల గుత్తి పట్టుకుని ఏది ఏ కారుదో ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నాడు. పెద్ద బండి ఉంటే ఎనికేపాడు వైపు హైవే మీది హోటళ్లే నయం. అక్కణ్ణుంచి గుడికి ఆటో మాట్లాడుకోవచ్చు.

తిరుగు ప్రయాణంలో చిన్నఅవుటపల్లి దగ్గర బైపాస్ ఎక్కాం. గొల్లపూడి దాకా దాదాపు 30 కిలోమీటర్లు, ఆరు వరుసలు, సిగ్నల్ అన్న మాటే లేదు. నున్న వైపు మామిడి తోటలు చూస్తూ ఇట్టే వచ్చేశాం. ఇది లేనప్పుడు దసరాకి విశాఖ లారీలను ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్‌కు తిప్పేవాళ్లు. ఆ ఊళ్లవాళ్లకు పండగంతా దుమ్మే. దారంతా టీ కొట్టు గానీ, ఆడవాళ్లకు బాత్‌రూమ్ గానీ మాకు కనబడలేదు. అమ్మ ఉందని ముందే పెట్రోల్ బంకులో ఆగాం కాబట్టి సరిపోయింది.

హైదరాబాద్ నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లకు ఒక చిక్కు. బైపాస్ గన్నవరం దాటాక కలుస్తుంది, మళ్లీ వెనక్కి రావాలి. తెల్లవారుజామున ఫ్లైట్ అయితే ఊళ్లోంచే పోవచ్చు. సాయంత్రమైతే మాత్రం చుట్టు తిరిగినా బైపాసే మేలు.