సర్ట్‌బాట్‌తో ఐదేళ్లు: సర్టిఫికెట్ కొత్తదే, సైటు మాత్రం ఎర్రగా

మా బావ అరకు ట్రిప్పుల సైటు, ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ మాస్టారి రిజల్ట్స్ పేజీ, నేను రాసుకున్న పైథాన్ అప్లికేషన్ ఒకటి. ఈ మూడింటినీ ఐదేళ్లుగా ఒకే ఉబుంటు సర్వర్ మీద నడుపుతున్నాను. సర్వర్ అద్దెది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత కరెంటు కోసం ఎదురుచూసిన వైజాగ్ వాడెవడూ ఇంట్లో సర్వర్ పెట్టుకోడు. ఇన్‌స్టాల్ చేయడం, ఫైర్‌వాల్ గట్రా అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. నా గోలంతా సర్టిఫికెట్ రెన్యువల్ గురించే. సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చూపించే గుర్తింపు కార్డు లాంటిది ఈ సర్టిఫికెట్, దాన్ని తనంతట తానే తెచ్చి గడువులోపు మార్చే ప్రోగ్రాం సర్ట్‌బాట్.

ఎవరడిగినా "సర్ట్‌బాట్ ఒకసారి పెట్టేసి మర్చిపో" అని చెప్పేవాడిని. హాయి అలాంటిది మరి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌కు పైసా ఖర్చు లేదు, గడువు 90 రోజులు. టైమర్ రోజుకు రెండుసార్లు లేచి చూసుకుంటుంది, గడువు 30 రోజుల్లోకి వస్తే తనే కొత్తది తెచ్చి పెడుతుంది. నాలుగేళ్లకు పైగా నేను అటువైపు తొంగి చూసింది లేదు.

పోయిన కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తుంటే బావ ఫోన్. "ఏటిరా, మన సైటు తెరిస్తే ఎర్రగా ఏదో వస్తంది? డబ్బులు కడితే పోతాయా అని కస్టమరు అడుగుతున్నాడు." పిక్నిక్‌ల సీజను, అందులోనూ ఆదివారం. బావకి ఏడాదంతా ఒక ఎత్తు, ఈ నెల ఒక్కటీ ఒక ఎత్తు.

అక్కడే గట్టు మీద కూర్చుని ఫోన్లోంచే సర్వర్‌లోకి వెళ్లాను. సర్ట్‌బాట్‌ని అడిగితే, సర్టిఫికెట్ బాగానే ఉంది, ఇంకా 59 రోజులు ఉంది అంటోంది. బ్రౌజరేమో నిన్న రాత్రితో గడువైపోయింది అంటోంది. రెండూ ఎలా నిజమవుతాయి? నా ఫోన్లో తేదీ తప్పేమోనని అది కూడా చూశాను, నవ్వకండి. టెన్షన్‌లో బలవంతపు రెన్యువల్ మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ కొత్త సర్టిఫికెట్ వచ్చింది, సైటు ఎర్రగానే ఉంది. అవే పేర్లకు వారంలో 5కి మించి ఇవ్వరని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి, బయటి నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూల్‌తో అడిగితే అప్పుడు తెలిసింది. సర్వర్ పాత సర్టిఫికెట్టే చూపిస్తోంది. డిస్కు మీద కొత్త ఫైలు నెల రోజులుగా ఉంది, సైటును బ్రౌజర్లకు అందించే వెబ్ సర్వర్ ప్రోగ్రాం ఇంజిన్‌ఎక్స్ మాత్రం ఆగస్టులో మొదలైనప్పుడు చదువుకున్న పాతదాన్నే మెమరీలో పట్టుకుని కూర్చుంది. ఫైళ్లు మళ్లీ చదువుకోమని రీలోడ్ కొట్టాను. ఒక్క సెకను. అంతే.

తప్పు నాదే. నా కాన్ఫిగరేషన్ ఫైళ్లలో ఇంకొకరు వేలు పెట్టడం ఇష్టం లేక సర్ట్‌బాట్‌లోని ఇంజిన్‌ఎక్స్ ప్లగిన్ వాడకుండా వెబ్‌రూట్ పద్ధతి పెట్టుకున్నాను. ప్లగిన్ అయితే రీలోడ్ కూడా అదే చేస్తుంది. వెబ్‌రూట్‌లో ఫైలు తెచ్చి పెట్టడం వరకే సర్ట్‌బాట్ పని, సర్వర్‌కి చెప్పుకోవడం మనమే చేసుకోవాలి.

మరి అంతకుముందు నాలుగేళ్లు ఎలా నడిచింది? దీనికి జవాబు వెతకడానికి ఇంకో రాత్రి పట్టింది. ఆగస్టు వరకు నేను వాడింది అపాచీ అనే ఇంకో వెబ్ సర్వర్. ఉబుంటులో అపాచీ లాగ్ ఫైళ్లు (సైటుకు ఎవరొచ్చారో రాసుకునే పద్దు) మార్చే పని లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాం రోజూ చేస్తుంది, ఆ పనిలో భాగంగా అపాచీ రీలోడ్ అవుతుంది, దాంతో పాటే కొత్త సర్టిఫికెట్టూ చదువుకుంటుంది. ఇంజిన్‌ఎక్స్‌కి అలా కాదు. లాగ్ ఫైళ్లు మాత్రం మూసి మళ్లీ తెరుచుకోమని సిగ్నల్ వెళ్తుంది, సర్టిఫికెట్ జోలికి పోదు. అంటే నేను ఇన్నేళ్లూ సర్ట్‌బాట్‌కి వేసిన మార్కుల్లో సగం లాగ్‌రొటేట్‌వి.

ఇప్పుడు, కొత్త సర్టిఫికెట్ రాగానే సర్ట్‌బాట్ నడిపే స్క్రిప్టులుండే డిప్లాయ్ హుక్స్ ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్టు పెట్టాను: ముందు ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్ పరీక్ష, అది పాసైతేనే రీలోడ్. ఆ ఫైలుకి ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వడం మర్చిపోతే మళ్లీ మొదటికే. ఇంకో సంగతి, డ్రై రన్ (ఉత్తుత్తి రెన్యువల్) చేసి అంతా బాగుందనుకోకండి, మామూలుగా అందులో డిప్లాయ్ హుక్ నడవదు. నేను స్క్రిప్టుని విడిగా నడిపి చూసుకున్నాను. గడువు దగ్గరపడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే మెయిళ్లు 2025 జూన్‌లో ఆగిపోయాయి. అవి వస్తూ ఉన్నా నాకు ఉపయోగపడేవి కావు, వాళ్ల లెక్కలో నాది రెన్యూ అయిపోయింది కదా.

సర్ట్‌బాట్ వదిలేస్తానా అంటే, వదలను. 2029 మార్చి నుంచి ఏ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్టయినా 47 రోజులకు మించి ఉండదని నిర్ణయమైపోయింది, ఇక చేత్తో మార్చుకోవడం కుదిరే పని కాదు. మూడు చిన్న సైట్లు, ఒక్క సర్వర్, రాత్రిళ్లు కాస్త ఖాళీ ఉన్న నాలాంటి వాడికి ఇది సరిపోతుంది. ప్యానెల్ ఉన్న హోస్టింగ్ వాడుతున్నవాళ్లకు ఈ తలనొప్పి అక్కర్లేదు. పది సర్వర్లు చూసేవాళ్లకు నా మాట పనికిరాకపోవచ్చు. 'మర్చిపో' అని మాత్రం ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. ప్రతి ఆదివారం బయటి నుంచి తేదీ చూసి నాకు మెయిల్ పెట్టేలా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో ఒక క్రాన్ పని (టైము ప్రకారం తనే నడిచేది) పెట్టుకున్నాను.

బావకి ఆ ఆదివారం రెండు బుకింగులు పోయాయి. క్రాన్ గురించి ఎంత చెప్పినా వినడు. పొద్దున్నే సైటు తెరిచి చూసుకుని, "ఎర్రది రాలేదురా" అని మెసేజ్ పెడుతున్నాడు.