సెఫ్‌లో క్రష్ రూల్: ఉన్నదాన్నే దిద్దాలా, కొత్తది పెట్టాలా?

సెఫ్ అంటే చాలా సర్వర్లని కలిపి ఒకే స్టోరేజ్‌గా వాడే సాఫ్ట్‌వేర్; అందులో డేటా కాపీలు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పేది క్రష్ రూల్. సెఫ్ క్లస్టర్‌లో మూడు కాపీలు వేర్వేరు హోస్టుల్లో (సర్వర్లలో) ఉంటే చాలదు, వేర్వేరు రాక్‌లలో (సర్వర్లు అమర్చే స్టాండ్లలో) ఉండాలి అనుకున్నప్పుడు దారులు రెండు. ఒకటి, ఈ రూల్స్ ఉండే క్రష్ మ్యాప్‌ని బయటికి తీసి, క్రష్‌టూల్ అనే కమాండ్‌తో టెక్స్ట్‌గా మార్చుకుని, ఉన్న రూల్‌లోనే హోస్ట్ అన్నచోట రాక్ అని దిద్ది మళ్లీ ఎక్కించడం. రెండోది, కొత్త రూల్ పెట్టి ఒక్కో పూల్‌నీ (సెఫ్‌లో డేటాని విడివిడిగా ఉంచే విభాగాన్ని) దానికి మార్చడం.

మొదటిదాంతో ఇబ్బంది ఒక్కటే, కానీ చాలా పెద్దది: ఆ రూల్ వాడే పూల్స్ అన్నీ ఒకేసారి కదులుతాయి. డిఫాల్ట్ రూల్‌ని దిద్దితే దాదాపు క్లస్టరంతా బ్యాక్‌ఫిల్‌లో (డేటాని కొత్త చోట్లకి కాపీ చేసే పనిలో) పడుతుంది, రీడ్లూ రైట్లూ నెమ్మదిస్తాయి, ఇక రాత్రంతా టెన్షనే. కొత్త రూల్ అయితే ముందు ఒక చిన్న పూల్ మార్చి చూసుకుని, ఆ తర్వాతే పెద్దవాటి జోలికి వెళ్లొచ్చు; తేడా వస్తే పాత రూల్ అలాగే ఉంది కాబట్టి ఒక్క కమాండ్‌తో దానికే తిప్పేయొచ్చు. నా ఓటు దీనికే.

అయితే రెండే రాక్‌లుండి, ఒక్కోదాంట్లో రెండేసి కాపీలు కావాలంటే మాత్రం రూల్ చేత్తో రాయాల్సిందే. అప్పుడు కూడా పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త నంబరుతో రాయండి. ఎక్కించేముందు క్రష్‌టూల్‌లో టెస్ట్ చేయండి: ఉదాహరణకి, రాక్‌కి ఒక్క కాపీయే పెట్టే రూల్‌లో మూడు కాపీలకి రెండే రాక్‌లుంటే మూడోదానికి చోటు దొరకదన్న సంగతి అక్కడే బయటపడుతుంది.