బ్రాకెట్లలో మిగిలిపోయిన 6700417

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. ఏ కాలిక్యులేటర్ చేతికి వచ్చినా మొదట 4294967297 నొక్కి చూస్తాను. మనవరాలి కోసం తెప్పించిన ఈ సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో ప్రధాన కారణాంకాలు విడదీసే మీట ఉంది. పది అంకెల వరకే తీసుకుంటుంది. నా సంఖ్యకు సరిగ్గా పది అంకెలు.

2ను 32వ ఘాతానికి హెచ్చించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేస్తూ పోతే వచ్చే వరుసలో దీనికి ముందున్న 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. కాబట్టి ఇదీ ప్రధానమేనని 17వ శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మీట నొక్కగానే తెర మీద 641×(6700417) అని వచ్చింది. "తాతయ్యా, రెండో దానికి బ్రాకెట్లు ఎందుకు?" అని అడిగింది మనవరాలు. సూచనల పుస్తకంలో ఒక మూల చిన్న అక్షరాల్లో జవాబు దొరికింది. యంత్రం మూడంకెల ప్రధాన సంఖ్యల వరకే, అంటే 997 వరకే వెతుకుతుంది. ఆపైన తేల్చలేనిదాన్ని బ్రాకెట్లలో పెడుతుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చూపకపోవడం నాకు ఎంతో నచ్చింది.

మిగిలిన పని మేమిద్దరం కాగితం మీద చేశాం. 6700417 వర్గమూలం 2589 లోపే, కాబట్టి అది ప్రధానం కాకపోతే ఆ లోపే ఒక ప్రధాన కారణాంకం దొరకాలి. 4294967297కు ఉండే ప్రధాన కారణాంకం దేన్నయినా, అంటే 6700417కు ఉండేదాన్నయినా, 128తో భాగిస్తే శేషం 1 రావాలని 19వ శతాబ్దంలో గణితవేత్త ల్యూకా చూపాడు. ఆ హద్దులో అలాంటి ప్రధాన సంఖ్యలు అయిదే: 257, 641, 769, 1153, 1409. మొదటి మూడింటినీ యంత్రం ముందే చూసేసింది. అంటే మాకు మిగిలినవి రెండే రెండు భాగహారాలు! 1153తో భాగిస్తే శేషం 334, 1409తో భాగిస్తే 622. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే. మనవరాలు తన నోటుపుస్తకంలో ఆ బ్రాకెట్లు కొట్టేసింది.

నా ఫిర్యాదు ఒకటే. 1022117 నొక్కితే అదీ బ్రాకెట్లలోనే వస్తుంది. అది 1009×1013, ప్రధానం కానే కాదు. రెండూ ఒకేలా కనిపిస్తే పిల్లలకు తేడా ఎలా తెలుస్తుంది? పది అంకెల సంఖ్య దేన్నయినా తేల్చడానికి లక్ష లోపు ప్రధాన సంఖ్యలు చాలు, అవి మొత్తం 9592. ఇంకొంచెం ఆలస్యమైనా సరే, యంత్రం అక్కడిదాకా వెతకాలి. కనీసం ఆ బ్రాకెట్ల అర్థమైనా పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మీటలు మెత్తగా ఉన్నాయి, అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. లెక్కల మీద ఇష్టమున్న పిల్లలకు నిస్సంకోచంగా కొనవచ్చు, పక్కన పెద్దవాళ్లు ఒకరు కూర్చుంటే మరీ మంచిది.

ఆ వరుసలో తరువాతి సంఖ్య 18446744073709551617. ఇరవై అంకెలు, ఈ యంత్రంలో పట్టదు. మనవరాలు దాన్ని 257తో మొదలుపెట్టి చేత్తో భాగిస్తోంది. 274177 దగ్గర శేషం సున్నా వస్తుందని నేను ఇంకా చెప్పలేదు.