జపాన్ గెనుసుగడ్డ: కుక్కర్లో వేయకండి

తిరుపతిలో ఒక పెద్ద సూపర్ మార్కెట్లో జపాన్ గెనుసుగడ్డలు (చిలగడదుంపలు) అరకిలో ప్యాకెట్ 210 రూపాయలు. బండి మీద మన గెనుసుగడ్డలు కిలో 40కే వస్తుంటే ఇంత పెట్టాలా అని రెండుసార్లు చేతిలోకి తీసుకొని మళ్ళీ పెట్టేశాను. మూడోసారి కొనేశాను. తొక్క వంకాయ రంగు, లోపల మీగడ రంగు. నాలుగు గడ్డలు వచ్చాయి.

అలవాటు కొద్దీ ఒకదాన్ని కుక్కర్లో వేసి మూడు విజిల్స్ పెట్టాను. ఉడికిన పనసగింజలా పిండి పిండిగా ఉంది, తీపి అంతంతమాత్రం. చాలా నిరాశ పడ్డాను.

మరుసటి రోజు మిగతా మూడూ కడిగి, తడి తుడిచి, తొక్కతోనే ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) పెట్టాను. ముందుగా వేడి చేయలేదు. 160 డిగ్రీల మీద గంటన్నర. గంట దాటేసరికి ఇల్లంతా బెల్లం పాకం వాసన! తొక్క మీద అక్కడక్కడా తేనెలాగా ఊరి జిగురు కట్టింది. విరిస్తే లోపల బంగారు పసుపు. మా అత్త ఒక ముక్క నోట్లో వేసుకొని "ఏం పాపా, ఇది కోవా మాదిరి ఉండాదే" అనింది.

తేడా అంతా వేడి ఎక్కే తీరులో ఉంది. గడ్డలోని ఒక ఎంజైమ్ పిండిపదార్థాన్ని మాల్టోస్ అనే చక్కెరగా మారుస్తుంది. లోపలి వేడి 70 డిగ్రీల చుట్టుపక్కల ఎంత ఎక్కువసేపు నిలిస్తే అంత తీపి. కుక్కర్లో వేడి గబగబా పైకెక్కి, ఆ ఎంజైమ్ పని సగంలోనే ఆగిపోతుంది. జపాన్‌లో వీటిని సత్సుమ-ఇమో అంటారు. 'ఇమో' అంటే దుంప, సత్సుమ అంటే ఇప్పటి కగోషిమా ప్రాంతం. అక్కడ వేడి గులకరాళ్ళ మధ్య నిదానంగా కాల్చి అమ్ముతారు. పాకాల దగ్గర మా ఊళ్ళో అవ్వ కూడా అంతే కదా, రాత్రి నీళ్ళ పొయ్యి ఆర్పాక నివురు కింద గెనుసుగడ్డలు పూడ్చిపెట్టేది. తెల్లారి బూడిద దులిపి ఇస్తే వేళ్ళకు అంటుకునేంత తీపి. ఆ రుచి నాకు ఇన్నేళ్ళకు మళ్ళీ దొరికింది.

ఒక్క గడ్డ మాత్రం ఎంతసేపు కాల్చినా నడుమ గట్టిగానే ఉండిపోయింది. చలికి దెబ్బతింటే గెనుసుగడ్డ ఇలాగే గట్టిపడుతుంది. ఆ షాపులో వీటిని ఫ్రిజ్ అరలో పెట్టి అమ్ముతున్నారు, అది తప్పు. బయట బుట్టలో ఉన్నవే కొనండి, ఇంట్లో కూడా ఫ్రిజ్‌లో పెట్టకండి.

తర్వాత ఇంకో ప్యాకెట్ తెచ్చి పులుసు కూడా పెట్టి చూశాను. తీపి చింతపండును మింగేసింది. పులుసుకు బండి మీది గడ్డే సరి. పల్చగా చక్రాలు కోసి పెనం మీద కాస్త నెయ్యితో కాలిస్తే మాత్రం పిల్లలు ప్లేటు ఖాళీ చేశారు. కోసిన వెంటనే నీళ్ళలో వేయండి, లేకపోతే నల్లబడతాయి.

శివరాత్రి ఉపవాసం విడిచేటప్పుడు మా ఇంట్లో గెనుసుగడ్డలు తప్పనిసరి. ఈసారి మధ్యాహ్నమే ఓటీజీలో పెట్టేస్తాను.