ఆవిరి ఇంజన్ మోడల్‌కు కొత్త నంబరు: డెకాలా, ఇత్తడి ప్లేటా?

ముందు అసలు ఇంజన్ ఫొటో చూడండి. బ్రిటన్‌లో గ్రేట్ వెస్టర్న్ అనే రైల్వే కంపెనీ ఇంజన్ల క్యాబ్ (డ్రైవర్ గది) పక్కన పోత పోసిన లోహపు నంబరు ప్లేట్లు ఉండేవి. మిగతా కంపెనీలలో చాలా ఇంజన్లకు రంగుతో వేసిన అంకెలే.

డెకాల్ (నీటిలో నాన్చి అతికించే పలుచని అంకెల పొర): చవక, శ్రమ ఎక్కువ. పాత అంకెలను ఎనామెల్ థిన్నర్ తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడవాలి. గట్టిగా రుద్దితే కింది రంగూ పోతుంది. మ్యాట్ (మెరుపు లేని) రంగు మీద నేరుగా అతికిస్తే గరుకులో గాలి చిక్కి, డెకాల్ పొర వెండిలా మెరుస్తుంది. అందుకే ముందు గ్లాసీ వార్నిష్, ఆరాక డెకాల్, చివర మ్యాట్ వార్నిష్. ఈ వరుస తప్పొద్దు.

ప్లేటు: ఖరీదు ఎక్కువ, పని తక్కువ. అంచులు ఆకురాయితో నునుపు చేసి, చుక్క వార్నిష్‌తో అతికించండి. వంకర పోతే జరపవచ్చు. సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి ప్లేటు చుట్టూ తెల్లమచ్చ మిగులుస్తుంది.

రంగు అంకెల ఇంజన్‌కు డెకాలే సరి. స్మోక్‌బాక్స్ (ఇంజన్ ముందు భాగంలోని పొగ పెట్టె) తలుపు మీది చిన్న నంబరుకు మాత్రం, అసలు ఇంజన్‌కు అది ఉంటే, ప్లేటే అందం.